బూరెల పాటకి వంక పెట్టకూడదు

మొదటి రోజు. పొగ నుంచి ఎత్తు 900 మీటర్లు

గున్నమ్మ లేచిపోయింది. అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులని నాలుగు మెట్లకి రెండుసార్లు కూర్చునే మనిషి, ఉప్పు తెచ్చే గాలిపడవ నడిపే ఓ తెల్లగడ్డం ఆయనతో దండలు మార్చుకుని, తీగల మీద కర్ర జార్చి వాయించే తన గోటువాద్యం చంకన పెట్టుకుని, పొద్దున్నే పడవెక్కి అందరికీ చెయ్యూపింది. ఊరంతా ముక్కున వేలేసుకుంది. నేనైతే కడుపు పట్టుకుని నవ్వాను. ముప్పై ఏళ్ళు ఒక్క సాయంత్రం కూడా సెలవు లేకుండా వాయించిన మనిషి ఆ మాత్రం సరదా పడకూడదా ఏమిటి?

నా నవ్వు మధ్యాహ్నం దాకానే నిలిచింది. సర్పంచి కాంతమ్మ గారు పిలిపించి, "పైడితల్లీ, ఇయ్యాల్టి నుండి బూరెల్ని నువ్వే పిలవాల. ఊళ్ళో వాయిద్యమూ నేదు, వాయించినోళ్ళూ నేరు. ఆ సాఫ్ట్‌వేరేదో నీకే తెలుసు" అన్నారు. కుళాయిలో నీళ్ళు వచ్చే ముందు మోగే గంట, లిఫ్టు తలుపు మూసుకునేటప్పుడు వచ్చే పాట, అన్నీ నేను నా కంప్యూటరు పలక మీద చేసినవే. ఇంత గొప్ప కళాకారిణిని ఊరు ఇన్నాళ్ళకి గుర్తించిందని పొంగిపోయి, వెనకా ముందూ చూడకుండా సరేనన్నాను.

పిలిచేవాళ్ళే చిట్టా రాయాలట, ఎత్తు ముందు రాయాలట. రాస్తున్నాను. మా గాలిపేట కింద నేల లేదు, వేడి పొగ ఉంది. పగలు ఎండకి ఊరి అడుగున గాలి వేడెక్కి ఊరు దానంతట అదే నిలబడుతుంది. రాత్రి మాత్రం నూట నలభై బూరెలు మొయ్యాలి. ఒక్కొక్కటీ ఇల్లంత జంతువు. అప్పుడే మూకుడులోంచి తీసినట్టు ఎర్రగా పొంగి ఉంటుంది, మా పూర్వీకులు ఆకలి మీదున్నప్పుడు ఆ పేరు పెట్టి ఉంటారు. పగలంతా మబ్బు మేసి, సాయంత్రం తీగ మీద స్వరం సాగుతూ, జారుతూ వినిపిస్తే వచ్చి ఇంటి కప్పుల మీది వలల్లో దూరి పడుకుంటాయి. సాగని స్వరాన్ని అవి పట్టించుకోవు.

ఈ సాయంత్రానికి గున్నమ్మ పాత రికార్డింగు ఒకటి పెట్టాను. బూరెలు సగం దూరం వచ్చి, ఇది విన్న పాటే అని తెలుసుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాయి. ఒకసారి విన్న జారు, అంటే స్వరం జారిన తీరు, మళ్ళీ వినిపిస్తే వాటికి ఒళ్ళు మంట. పోనీలే, రేపటి నుంచి నా పాట వింటాయి.

రెండో రోజు. 830

సాఫ్ట్‌వేర్‌లో స్వరాలు ఇటుకల్లా ఉంటాయి. వరసగా పేరిస్తే పాట వస్తుంది గానీ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతుతూ పోతుంది. ఇటుకల కింద ఒక ఖాళీ పట్టీ ఉంటుంది, దాన్ని పిచ్ బెండ్ అంటారు. అందులో పెన్నుతో గీత గీస్తే స్వరం ఆ గీత వెంట పైకీ కిందికీ సాగుతుంది. ఇన్నాళ్ళూ ఆ పట్టీ జోలికి నేను పోలేదు, లిఫ్టు తలుపుకి జారులెందుకని. ఇవాళ పోయాను. అమ్మ బాబోయ్. రిషభం మీంచి గాంధారం మీదికి ఒక వంపు లాగాను, ఆ స్వరం నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు లేచింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే ఒక్క వంపుని అరగంట విన్నాను. తిండి ధ్యాస లేదు.

సాయంత్రం అడుగు గదిలో కూర్చుని పాట వదిలాను. అడుగు గది అంటే మా దిగువ వాడకి అట్టడుగున ఉన్న గది. గోడలకి దూది పరుపులు, బయటి చప్పుడు లోపలికి రాదు. నా పలకలోంచి గీతలు, ఇటుకలు పైన స్తంభంలోని యంత్రానికి వెళ్తాయి, అది వాటిని స్వరాలు చేసి స్పీకర్లలో వదుల్తుంది, ఊరంతా అక్కడి నుంచి వింటుంది. నేను హెడ్‌ఫోన్స్‌లో వింటాను. పాట అయిపోయాక బయటికొచ్చి చూస్తే ఆకాశంలో ఒక్క బూరె లేదు.

ఎవరైనా ఏమైనా అంటారేమోనని చూశాను, ఎవరూ అనలేదు. అనరు కూడా. మా ఊళ్ళో బూరెల పాటకి వంక పెట్టకూడదు, బాగుందని మెచ్చుకోకూడదు. మొదట వచ్చినవాళ్ళలో ఎవరో పాట బాగాలేదన్నారట, ఆ సాయంత్రం బూరెలు దిగలేదట. అప్పటినుంచి అత్తాకోడళ్ళు దెబ్బలాటలో కూడా ఆ ఊసెత్తరు. మా చిన్నమ్మ అసిరమ్మ రాత్రి చారు పోస్తూ నా మొహం వంక అదోలా చూసింది. నన్ను పెంచింది ఆవిడే. దిగువ వాడలో టిఫిను కొట్టు నడుపుతుంది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు, ఎదుటివాళ్ళ తప్పు చెప్పకపోతే ఆవిడకి తిన్నది అరగదు. అలాంటిది ఇవాళ పెదవులు బిగించుకుని కూర్చుంది. బహుశా పన్ను నొప్పేమో.

నాలుగో రోజు. 690

నేను మేధావిని. ఈ మాట చిట్టాలో రాయకూడదనే నిబంధన ఎక్కడా లేదు.

స్వరం మొదలైన క్షణంలోనే వంపు మొదలుపెట్టకూడదు. మీటిన తీగ ముందు ఒక్క క్షణం ఉన్నచోటే నిలబడాలి, ఆ తరవాత కదలాలి. మెల్లిగా బయల్దేరి, చివర్లో తొందరపడి, చేరాల్సిన స్వరాన్ని రవ్వంత దాటి, తప్పు తెలుసుకున్నట్టు వెనక్కి రావాలి. జారేటప్పుడు చప్పుడు కాస్త తగ్గాలి. ఇదంతా రెండు రోజుల్లో ఎవరూ చెప్పకుండా నాకై నేనే కనిపెట్టాను. ఇలా చేసిన ఒక జారు ఎంత బాగా కుదిరిందంటే దాన్ని కాపీ చేసి పాటలో నలభై చోట్ల అతికించాను. హెడ్‌ఫోన్స్‌లో వింటూ నా పాటకి నేనే ఏడ్చాను.

బూరెలు మాత్రం నిన్నటికన్నా దూరం వెళ్ళిపోయాయి. పంచాయితీ కూర్చుంది. రాత్రికి డెబ్బై మీటర్లు దిగుతున్నాం. మూడు వందల కిందికి పోతే పొగ సెగ తగులుతుంది, కాబట్టి అంతదాకా రానివ్వకుండా దిగువ వాడ గొలుసులు విప్పి పొగలోకి వదిలేస్తారట. దిగువ వాడంటే మా వాడ. నలభై ఒక్క కొంపలు, మా చిన్నమ్మ కొట్టు, నేను పుట్టిన గది. మనుషుల్ని ఎగువ వాడ నడవాల్లో పడుకోబెడతారట. ముందుగా బరువు తగ్గించుకుందామని ఊరు పెట్టిన పెద్దాయన కంచు విగ్రహాన్ని తోసేశారు. పోతూ పోతూ కూడా ఆయన వేలు ముందుకే చూపించింది. అందరం దణ్ణం పెట్టుకున్నాం, నాకేమో నవ్వు ఆగలేదు. ఆ తరవాత గదిలోకి వచ్చి భయపడ్డాను.

ఐదో రోజు. 620

ఈ ఊరికి పిచ్చెక్కింది. స్తంభం చూసుకునే జగ్గు మావ పొద్దున్నే వచ్చి నా చేతిలో దూది ఉండలు రెండు పెట్టి, "ఊళ్ళో అందరూ వాడతన్నారమ్మీ, నీకూ ఉంటాయని" అని, నేను ఎందుకని అడిగేలోపు వెళ్ళిపోయాడు. పక్కింటావిడ, "సాయంత్రం పాట ఏల కాసేపు అలగ మెట్ల మీదకి రారాదేటి, గాలి బావుంటాది" అంది. పాట వేళే నేను గదిలో ఉండాలి కదా తల్లీ అన్నాను. "అదేలే, ఆ ఏలకే" అంటూ చీర కొంగు నలుపుకుంది. మా వాడలో ఒకాయన, పాట మొదలయ్యే ముందు తన మేకని దుప్పట్లో చుట్టి ఎత్తుకుపోతుంటే కళ్ళారా చూశాను. మేకకి చలి అన్నాడు.

చిన్నమ్మకి పన్ను నొప్పి తగ్గలేదు. అట్టు వేస్తూ వేస్తూ నా వైపు తిరిగి, నోరు తెరిచి, మళ్ళీ మూసి, అట్టు మాడబెట్టింది. ఆవిడ అట్టు మాడడం నా ముప్పై ఒక్క ఏళ్ళలో ఇదే మొదలు.

"ఏటయినాది చిన్నమ్మా?" అన్నాను.

"ఏటీ అవనేదు. నువ్వు తిను. బాగా తిను" అంది.

ఏడో రోజు. 480

పొద్దున్న చిన్నమ్మ రుబ్బురోలు తోసేశారు. నలుగురు మగాళ్ళు మోసుకెళ్తుంటే ఆవిడ వెనకాలే అంచుదాకా వెళ్ళింది. ఏడవలేదు. తిన్నగా ఇంటికొచ్చి, బల్ల మీదున్న నా హెడ్‌ఫోన్స్ తీసి, పొయ్యి మీద ఉడుకుతున్న చింతపండు పులుసులో వేసింది. గరిటెతో రెండు తిప్పులు కూడా తిప్పింది.

నేను గుండెలు బాదుకున్నాను. పిచ్చా నీకు, ఊరు మునిగిపోతుంటే ఇదేం పని అని అరిచాను.

"పాట గురించి మాటాడకూడదన్నారు గానీ పులుసు గురించి ఎవలూ ఏటీ అన్నేదు" అంది ఆవిడ. "పలక పట్టుకుని బయటకి నడు. అందరూ విన్నట్టే నువ్వూ విను."

చేసేదేముంది, సాయంత్రం పలక పట్టుకుని కొట్టు ముందు అరుగు మీద కూర్చుని పాట వదిలాను. దేవుడా. స్తంభం మీంచి వచ్చింది పాట కాదు. సైరనుకి కడుపునొప్పి వచ్చినట్టుంది. నా సన్నటి వంపు ఒక్కొక్కటీ పాతాళం నుంచి పైకి ఊళపెట్టి, మళ్ళీ పాతాళంలో పడింది. నన్ను ఏడిపించిన ఆ జారు నలభై సార్లూ ఊళపెట్టింది. వీధిలో జనం చెవుల్లో దూది పెట్టుకుని, నా వైపు చూసి ఎంతో మర్యాదగా నవ్వుతున్నారు. మేక దుప్పట్లోంచి అరిచింది.

జగ్గు మావ చెయ్యి పట్టుకుని స్తంభం దగ్గరికి లాక్కుపోయాను. రెండు నిమిషాల్లో తేలిపోయింది. గీతని పట్టీ చివరిదాకా లాగితే స్వరం ఎంత దూరం జరగాలో చెప్పే అంకె ఒకటుంటుంది, రేంజ్ అంటారు. నా పలకలో అది రెండు మెట్లు. స్తంభంలో పన్నెండు, అంటే నిండా ఒక స్థాయి. ప్రమాద సైరను ఊళపెట్టాలి కదా, అందుకని ఎప్పుడో అలా పెట్టి ఉంచారు. గున్నమ్మ నేరుగా మైకులో వాయించేది కాబట్టి ఆవిడకి ఆ అంకెతో పని పడలేదు. నా ప్రతి వంపునీ ఆరింతలు చేసి ఊరి మీద కుమ్మరిస్తున్నాను.

"ఆరు రోజులు, మావా. ఆరు రోజులు విని ఒక్కడూ చెప్పలేదా?"

"దూది ఇచ్చినాను గదమ్మీ" అన్నాడు జగ్గు మావ.

నాకు కోపం వచ్చింది, సిగ్గేసింది, ఏడుపొచ్చింది, చివరికి మెట్ల మీద కూలబడి చచ్చేంత నవ్వొచ్చింది. నాలుగు వందల ఇరవై మీటర్లు మర్యాద కోసం దిగిన ఊరు ఈ లోకంలో మాదొక్కటే ఉంటుంది. జగ్గు మావ కూడా నవ్వడం మొదలుపెట్టి, తప్పేమోనని చుట్టూ చూసి, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

ఎనిమిదో రోజు. 410

రేంజ్ సరిచేశాను. ఈ సాయంత్రం స్తంభం మీంచి అచ్చంగా నా పాట వచ్చింది. ముప్పై బూరెల దాకా వచ్చాయి. కప్పుల మీద రెండు చుట్లు తిరిగాయి, ఒకటి వలకి మొహం కూడా ఆనించింది. ఐదు నిమిషాలు గడిచేసరికి ఒక్కొక్కటే మొహం తిప్పుకుని వెళ్ళిపోయాయి. ఎందుకు? నాకు తెలియలేదు. ఎవరినీ అడగడానికి లేదు.

జగ్గు మావ దిగువ వాడ గొలుసులకి నూనె రాస్తున్నాడు, తుప్పు పట్టి విప్పేటప్పుడు మొరాయిస్తాయని. రేపటి సాయంత్రానికి ఎత్తు 340. రేపు బూరెలు రాకపోతే రాత్రికి మూడు వందల కిందికి పోతాం, కాబట్టి పొద్దుగూకేలోపే గొలుసులు విప్పాలి. చిన్నమ్మ గిన్నెలన్నీ దుప్పట్లో మూట కట్టింది. పెనం మాత్రం కట్టలేదు, రేపు టిఫిను వెయ్యాలి కదా అంది. నలభై ఒక్క ఇళ్ళూ మూటలు కట్టుకుంటున్న చప్పుడు వింటూ ఆ మూట మీద కూర్చున్నాను. మొదటిసారి నవ్వు రాలేదు.

"గున్నమ్మ ఎందుకు ఎలిపోనాదో తెల్సా నీకు?" అంది చిన్నమ్మ ఉన్నట్టుండి. "ఆ పడవాయన మొదటి రోజునే భలే వాయించావమ్మా అనీసినాడు. ఊరోడు కాదు గదా, ఆయనకేటి తెల్సు మన కట్టుబాట్లు. అది నా దగ్గరకొచ్చి ఎక్కెక్కి ఏడిసినాది. ముప్పై ఏళ్ళకి ఒక్కడు అన్నాడే అసిరీ అని. నాను రోజూ కొట్టు ఆపీసి మరీ విన్నానే దాని పాట. ఒక్క నాడూ సెప్పనేదు."

ఆ మాట నా గుండెలో దిగిపోయింది. నిన్న నాకు ఒక్కరూ చెప్పలేదని కేకలేశాను. ఇన్నేళ్ళలో గున్నమ్మకి బాగుందని నేను చెప్పానా?

తొమ్మిదో రోజు. 340

ఇవాళా గదిలోకి వెళ్ళలేదు. సాయంత్రం పలక, పెన్ను పట్టుకుని చిన్నమ్మ కొట్టు కప్పెక్కాను. కింద వీధి నిండా మా వాడ జనం, మూటల మీద కూర్చుని ఉన్నారు. సర్పంచి కాంతమ్మ గారు ఉన్నారు. గొలుసు దగ్గర జగ్గు మావ పెద్ద స్పానరు పట్టుకుని నిలబడ్డాడు. నేను పాట వదల్లేదు.

"నా పాట ఎలా ఉంది?" అని అడిగాను.

అందరూ ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు.

"బాగాలేకపోతే బాగాలేదనండి. ఇంకాసేపటికి మనకి వాడే ఉండదు, ఇంక ఎవరికి భయం? తిట్టండి నన్ను."

కాంతమ్మ గారు వద్దన్నట్టు చెయ్యెత్తారు. చిన్నమ్మ మూట మీంచి లేచింది. నడుం మీద చెయ్యేసుకుని కప్పు వంక చూసింది.

"ఒకే అట్టు నలబై సార్లు ఎట్టినట్టుంది" అంది.

ఆ కట్టుబాటు పుట్టాక గాలిపేటలో బూరెల పాట మీద పడ్డ మొదటి మాట అది. చిన్నమ్మ ఆగలేదు. "ఆ జారు బావుంది, కాదన్ను. మొదటిసారి వింటే ఒళ్ళు జలదరించినాది. మళ్ళీ అదే వచ్చినాది. మళ్ళీ అదే. బూరెలకి బుర్ర నేదనుకున్నావేటి?"

నెత్తిన మొట్టికాయ పడ్డట్టయింది. కాపీ చేసి అతికించింది నేనే, మెచ్చుకుని చిట్టాలో రాసుకున్నదీ నేనే. పాత జారు వినిపిస్తే మొహం తిప్పుకునే జంతువులకి ఒక్క పాటలోనే నలభై సార్లు పాతదే వినిపించాను. నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి పక్కింటావిడ గొంతు వచ్చింది. "దిగినప్పుడు మరీ తొందరమ్మా. గున్నమ్మ అక్కడ నానబెట్టేది." ఇంకెవరో, "మజ్జలో ఊపిరి తీసుకోనివ్వవేటి" అన్నారు. మేకాయన అరిచాడు, "మూడో వరసలో ఒణుకు ఎక్కువైపోనాది." ఇంక కట్ట తెగింది. ఊరు పుట్టినప్పటి నుంచీ దాచుకున్న అరవై ఏళ్ళ విమర్శ ఒక్కసారి నా మీద పడింది. ఒకరి మాట ఇంకొకరు వినడం లేదు. ఎవరి సాయంత్రాలు వాళ్ళకి గుర్తున్నాయి, ఎవరి గున్నమ్మ వాళ్ళకి ఉంది. నాకు ఎంత ఆనందం వేసిందో ఈ చిట్టాలో రాయడం నా వల్ల కాదు.

"మాటలతో కాదు. చేత్తో చూపించండి" అని అరిచాను.

పాత ఫైలు తీసేశాను. ఖాళీ స్వరం ఒకటి మీటాను, షడ్జమం. పెన్ను పలక మీద పెట్టి కింద ఎవరి చెయ్యి కనిపిస్తే ఆ చెయ్యి వెంట నడిపాను. పక్కింటావిడ చెయ్యి నెమ్మదిగా లేచి, గాల్లో నానింది. నా స్వరం నానింది. మేకాయన వేళ్ళు సన్నగా వణికాయి. చిన్నమ్మ గరిటె తిప్పినట్టు చెయ్యి తిప్పింది, స్వరం అలాగే తిరిగి వచ్చింది. రెండు వందల చేతులు, ఒక చెయ్యి లేచినట్టు ఇంకొకటి లేవలేదు. ఏ చేతిని చూడాలో తెలియక కాసేపు తికమకపడ్డాను, తరవాత అన్నిటినీ చూశాను. తప్పు పోయినచోట తప్పు పోయిందని అరిచారు. నేను దిద్దుకుని ముందుకు పోయాను.

పడమటి మబ్బు ఎర్రబడింది. ముందు అది పొద్దు అనుకున్నాను. దగ్గరికొచ్చాక తెలిసింది, అవి బూరెలు. నూట నలభై, ఒకదాన్నొకటి తోసుకుంటూ, పెళ్ళిభోజనానికి ఆలస్యమైనవాళ్ళలా వస్తున్నాయి. ఎవరూ చేతులు దించలేదు, నేను పెన్ను ఎత్తలేదు. మొదటిది కాంతమ్మ గారి ఇంటి వలలో దూరింది. ఆ తరవాత లెక్కపెట్టడం మానేశాను. చివరిది మా కొట్టు కప్పు మీది వలలో, నా నెత్తి మీదే సర్దుకుంది. ఊరు ఒక్కసారి మమ్మల్ని పైకి నెట్టింది, అందరి కడుపుల్లోనూ తెలిసింది. జగ్గు మావ స్పానరు నేల మీద పెట్టి దాని మీదే కూర్చుండిపోయాడు.

వీధిలో ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. తిట్టడం ఇవాళే నేర్చుకున్నారు, మెచ్చుకోవడం ఇంకా ఎవరికీ రాదు. చిన్నమ్మ నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి నా దగ్గరికొచ్చింది. పలక వంక చూసింది, నా వంక చూసింది. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది.

"బావుందే" అంది.